ఉప్పు కలిపిన కారం డబ్బా

ఇంటికి వెళ్లిన ప్రతిసారీ మా చిన్న ఫుఫ్ఫూ ఒకటే సవాల్ అడుగుతుంది. "బేటా, అసలు నువ్వు చేసే పనేంటి?" "సర్వర్లు చూసుకుంటా ఫుఫ్ఫూ" అంటే, "చూసుకోవడం కూడా ఒక పనేనా?" అని నవ్వుతుంది. ఈసారి జవాబు రాసే పెడుతున్నా. ఫుఫ్ఫూ కోసమే కాదు. కర్నూలు నుంచి కరీంనగర్ దాకా మన ఖాందాన్‌లలో ఇంటికొకరు ఈ పనిలోకి వచ్చారు. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచి లాప్‌టాప్ తెరిచే పిల్లలు. పక్క గదిలో వాళ్ల అమ్మీ "నౌకరీయా ఇది, పహరానా?" అని గొణుక్కుంటూ పడుకుంటుంది. ఆ అమ్మీలు చదివితే సంతోషం, ఆ పిల్లలు చదివితే ఇంకా సంతోషం. ఎందుకంటే వాళ్లతో నాకొక ఝగడా ఉంది.

ముందు పని సంగతి. ఒక కంపెనీకి వందల సర్వర్లుంటాయి. ఒక్కోదాంట్లో ఎవరు లోపలికి రావచ్చు, ఏ ప్రోగ్రామ్‌లు నడవాలి, గడియారం ఎవరిని చూసి టైమ్ సరిచేసుకోవాలి, ఇలా వెయ్యి సంగతులు సరిగ్గా ఉండాలి. వెనకటికి ఒక మనిషి ఒక్కో మెషీన్‌లోకి వెళ్లి చేత్తో టైప్ చేసేవాడు. ఐదు మెషీన్లయితే నడుస్తుంది. మూడొందలైతే నూటొకటో దాని దగ్గర చెయ్యి తప్పుతుంది, ఎక్కడ తప్పిందో వాడికే గుర్తుండదు. 1993లో ఓస్లో యూనివర్సిటీలో మార్క్ బర్జెస్ అనే ఆయన సీఎఫ్‌ఇంజిన్ అని ఒక సాధనం రాశాడు. 2005లో లూక్ కానీస్ పపెట్ తెచ్చాడు. 2009లో షెఫ్, 2012లో ఆన్సిబుల్ వచ్చాయి. పేర్లు వేరు, ఆలోచన దగ్గర దగ్గర ఒకటే. మెషీన్ ఎలా ఉండాలో కాగితం మీద రాసినట్టు కోడ్‌లో రాసి పెడతాం. సాధనం వెళ్లి చూస్తుంది, తేడా ఉంటే సరిచేస్తుంది, లేకపోతే చెయ్యి పెట్టదు.

దావత్‌కి బావర్చీని పిలిచి "రెండొందల మందికి బిర్యానీ, దాల్చా, డబుల్ కా మీఠా" అని చెప్తాం చూడండి, అలా. కట్టెలెన్ని, దమ్ ఎంతసేపు అన్నది ఆయన హిసాబ్. మన వాళ్ల పుస్తకాల్లో దీన్నే అబ్‌స్ట్రాక్షన్ అంటారు. ఎలా చేయాలో వదిలేసి ఏం కావాలో చెప్పడం. "ఈ సర్వర్ మీద అపాచీ ఉండాలి, నడుస్తూ ఉండాలి" అని పపెట్‌కి రాస్తే, డెబియన్ మెషీన్ అయితే ఒక పద్ధతిలో, రెడ్‌హ్యాట్ అయితే ఇంకో పద్ధతిలో అదే ఇన్‌స్టాల్ చేసుకుంటుంది.

అంత వరకూ సుకూన్‌గానే ఉంటుంది. తక్లీఫ్ ఆ తర్వాతి అడుగులో. అదే అపాచీని డెబియన్‌లో 'అపాచీ2' అంటారు, రెడ్‌హ్యాట్‌లో 'హెచ్‌టీటీపీడీ' అంటారు. దాని ఫైళ్లుండే చోటు వేరు, అది ఏ యూజర్ పేరు మీద నడుస్తుందో అదీ వేరు. ఈ ఫరక్ సాధనానికి తెలియదు, మనిషే రాయాలి. రాసిన మనిషి ఆ తెలివినంతా ఒకచోట పెట్టి, చుట్టూ గోడ కట్టి, "నాకు అపాచీ కావాలి అని అడగండి చాలు, లోపలి గొడవ మీకొద్దు" అంటాడు. ఆ గోడకే ఎన్‌కాప్సులేషన్ అని పేరు. ఆ గోడ లోపలి ఇంటికి పపెట్‌లో మాడ్యూల్ అని, ఆన్సిబుల్‌లో రోల్ అని, షెఫ్‌లో కుక్‌బుక్ అని పేర్లు.

ఇక మా ఇంటి కారం డబ్బా సంగతి.

మా అమ్మీ ఏటా ఎండాకాలంలో మసాలా కారం దంచుతుంది. ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి. కొడుకుల ఇళ్లకీ, ఆపా ఇంటికీ తలా ఒక డబ్బా పంపుతుంది. డబ్బా మీద చీటీ: 'మసాలా కారం'. మా భాబీ ఇంటికి వచ్చిన మొదటి ఏడాది, ఒక ఆదివారం చుట్టాలొస్తే ఆ కారంతో ఖీమా వండింది. కొలత ప్రకారమే ఉప్పు వేసింది. దస్తర్‌ఖాన్ మీద మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న వాళ్లందరూ ఒకేసారి నీళ్ల గ్లాసు అందుకున్నారు. పురుగు పట్టకుండా ఉంటుందని అమ్మీ దంచేటప్పుడే అందులో ఉప్పు కలిపేస్తుంది. "అందరికీ తెలుసు కదా!" అంది అమ్మీ. అందరికీ అంటే ఎవరికీ? అమ్మీకీ, ఆపాకీ.

ఉప్పు కలపడం గలతీ అని నేననను. కానీ మిరపకాయ ఘాటు అన్ని ఇళ్లకూ ఒకటే, ఉప్పు మాత్రం ఇంటింటికీ మారుతుంది. మా అబ్బాకి బీపీ, ఆ ఇంట్లో ఉప్పు సగం. మారేదాన్ని మారనిదానితో కలిపి, మూత పెట్టి, పైన చీటీ మీద రాయకుండా పంపింది చూడండి, మా పనిలో సగం తక్లీఫ్‌లు అచ్చం ఇవే. అపాచీని ఎలా పెట్టాలన్నది మిరపకాయ. మన కంపెనీలో దాన్ని ఏ పోర్ట్ మీద పెట్టాలి, ఏ డొమైన్ పేరు ఇవ్వాలి అన్నది ఉప్పు. 2012లో వచ్చిన పపెట్ మూడో వెర్షన్‌లో హియెరా అనే దాన్ని లోపలికే తెచ్చి, ఈ ఉప్పునంతా మాడ్యూల్ బయట విడిగా ఫైళ్లలో పెట్టుకోండి, కావలసినప్పుడు నేనే వెతికి వేస్తాను అంది. నా ఉద్దేశంలో ఆ సాధనం చేసిన మంచి పనుల్లో పెద్దది అదే.

గోడలు అసలు ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. మా దోస్త్ ఒకడు, పాతికేళ్ల అనుభవం ఉన్నవాడు, "ఇవన్నీ చోచ్లే, నాకు ఒక షెల్ స్క్రిప్ట్ ఇస్తే చాలు" అంటాడు. గోడ లేకపోతే ఏమవుతుందో ఒక మిసాల్ చెప్తా. ఆన్సిబుల్‌లో ఒక రోల్ లోపల పెట్టిన వేరియబుల్ ఆ రోల్‌లోనే ఉండిపోదు. మామూలుగా అయితే ఆ ప్లే మొత్తానికీ కనిపిస్తుంది. డేటాబేస్ రోల్‌లో 'పోర్ట్' అని పేరు పెట్టి 3306 అని రాశారనుకోండి. పక్కన వెబ్ రోల్ రాసినవాడు తన 'పోర్ట్' రాసుకోవడం మరిచిపోయాడు. నిజానికి ఎర్రర్ రావాలి. రాదు. పక్కింటి 3306 తీసుకుని నడిచిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ప్రతి పేరుకీ ముందు రోల్ పేరు తగిలిస్తారు. గోడ లేని చోట కనీసం ముగ్గుతో గీత గీసుకోవడం లాంటిది. పపెట్‌లోనూ మూడో వెర్షన్ ముందు వరకూ ఇదే బీమారీ ఉండేది. ఒక క్లాస్‌ని ఎవరు పిలిస్తే వాళ్ల వేరియబుల్స్ దానికి కనిపించేవి. పిలిచేవాడు మారితే అర్థం మారేది. ఆ ఆదత్‌ని మూడో వెర్షన్‌లో తీసేశారు, దాని మీద ఆధారపడ్డ పాత కోడ్ బద్దలైనా సరే అని. మంచి ఫైసలా.

కాబట్టి గోడలు కావాలి. నా ఝగడా గోడలతో కాదు, దర్వాజా లేని గోడలతో. ఆ గోడ నేను కట్టాను కాబట్టి హక్కుగా మాట్లాడుతున్నా.

కొన్నేళ్ల క్రితం ఒక కంపెనీలో నేను డేటాబేస్ సర్వర్ల కోసం పపెట్‌లో ఒక మాడ్యూల్ రాశాను. నాకు దాని మీద గురూర్ కూడా ఉండేది. అడిగేది రెండే మాటలు: డేటాబేస్ పేరు, సైజు. సైజు అంటే 'చిన్నది' లేదా 'పెద్దది'. లోపల నలభై సంగతులు నేనే తేల్చి పెట్టాను. కొత్తగా చేరిన వాళ్లకి చూపించి "చూశారా, రెండు మాటలు చాలు" అనేవాణ్ని. ఆ నలభైలో ఒకటి, ఒకేసారి ఎన్ని కనెక్షన్లు రావచ్చు అన్నది. మైఎస్‌క్యూఎల్ తనంతట తాను ఇచ్చేది 151. నేను 200 అని రాసి, మా కంపెనీకి ఇది ఎప్పటికీ సరిపోతుందనుకున్నాను.

రెండేళ్లకి ఒక సర్వర్‌కి 500 అవసరమైంది. ఆ పని ఒక పిల్లాడి మీద పడింది. ఆదోని వైపు నుంచి వచ్చినవాడు, మొదటి నౌకరీ. నా మాడ్యూల్ తెరిచి చూశాడు. పేరు, సైజు. కనెక్షన్ల కోసం ఎక్కడా దారి లేదు. నన్ను అడగొచ్చు, కానీ నేనప్పుడు సెలవులో ఊళ్లో ఉన్నాను, వాడికి సాయంత్రంలోగా కావాలి. అదే ఫైల్‌ని తన కోడ్‌లో మళ్లీ రాద్దామని చూశాడు. పపెట్ ఒప్పుకోదు. ఒకే వస్తువుకి ఇద్దరు మాలిక్‌లుంటే అక్కడే ఆపేస్తుంది. అప్పుడు వాడు చేసింది, వాడి చోట ఉంటే నేనూ చేసేవాణ్నేమో. ఫైల్‌లో 200 అని ఉన్నచోట 500 అని దిద్దే ఒక చిన్న కమాండ్ రాసి, దాన్ని పపెట్ చేత నడిపించాడు. పద్ధతిగానే రాశాడు పాపం. "ఇప్పటికే 500 ఉంటే ముట్టుకోవద్దు" అని షరతు కూడా పెట్టాడు. దిద్దిన తర్వాత డేటాబేస్‌ని రీస్టార్ట్ చేయమన్నాడు. నడిపాడు. చూశాడు. 500 ఉంది. ఇంటికి వెళ్లాడు.

పపెట్ ఏజెంట్ మామూలుగా అరగంటకోసారి లేస్తుంది. లేచింది. నా మాడ్యూల్ ఫైల్‌ని చూసింది: "200 ఉండాలి కదా, 500 ఎవరు రాశారు?" అని తిరిగి 200 చేసింది. తర్వాత వాడి కమాండ్ చూసింది: "500 లేదే" అని మళ్లీ 500 చేసింది. ఫైల్ మారింది కాబట్టి డేటాబేస్ రీస్టార్ట్. అరగంట తర్వాత మళ్లీ. రోజుకు 48 సార్లు. ఎప్పుడు వెళ్లి చూసినా 500 కనిపిస్తుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. ప్రతి గంటా ఏడో నిమిషంలో, ముప్పై ఏడో నిమిషంలో కొన్ని సెకన్లు డేటాబేస్ ఉండదు. ఆ కొన్ని సెకన్లలో బిల్లు కొట్టిన కస్టమర్‌కి బిల్లు రాదు. పదకొండు రోజులు నడిచింది ఈ తమాషా. బిల్లులు రాని టైమ్‌లు ఎవరో కాగితం మీద రాసుకుంటే అన్నీ 07, 37 అని తేలాయి. అప్పుడు పట్టుకున్నాం.

ఇక్కడ ఒక మాట. రెండోసారి నడిపితే ఏమీ మారకూడదు అన్నది ఈ సాధనాల పునాది. మా రిపోర్టుల్లో ఆ సర్వర్ ప్రతి అరగంటకీ 'మారింది, మారింది' అని పదకొండు రోజులు అరుస్తూనే ఉంది. చూసే నాథుడు లేడు. అది వేరే కహానీ.

మీటింగ్ పెట్టారు. ఎవరు చేశారు? కోడ్ చరిత్రలో పిల్లాడి పేరుంది. వాడు లేచి నిలబడి సారీ చెప్పాడు. "రూల్స్ దాటి కమాండ్ ఎందుకు రాశావు, మాడ్యూల్ ఉంది కదా?" అని పెద్దాయన గట్టిగా అడిగాడు. ఆ మాడ్యూల్ నాది. దర్వాజా పెట్టని గోడ నాది. నేను వాడికి రెండు కుర్చీల అవతల కూర్చుని, నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నట్టు నటించాను. ఎందుకు మాట్లాడలేదంటే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. భయం అనొచ్చు, ఇజ్జత్ అనొచ్చు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు పెద్దాయన దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన విని "సరే, మాడ్యూల్ మార్చండి" అన్నాడు. అంతే. ఆ ఏడాది పిల్లాడి అప్రైజల్ కాగితంలో ఆ గలతీ లైను అలాగే ఉండిపోయింది. తీయించడానికి తిరిగాను. అప్పటికే సిస్టమ్‌లోకి వెళ్లిపోయింది అన్నారు.

నేను పిల్లాడికి మాఫీ చెప్పాను. "పర్వాలేదు భాయ్, గోడ దూకింది నేనే కదా" అన్నాడు. దూకాడు నిజమే. లోపలికి వెళ్లాల్సిన పని నిజమైనదైతే, దర్వాజా లేకపోతే, మనుషులు గోడ దూకుతారు. దూకిన వాణ్ని పట్టుకుని కొడతాం. కట్టినవాడికి మాత్రం అందమైన గోడ అని షాబాష్ అంటాం.

ఆ తర్వాత నేను పాత రాతలు తిరగేశాను. డేవిడ్ పార్నాస్ అని ఒకాయన 1972లో ఒక వ్యాసం రాశాడు, ప్రోగ్రామ్‌ని ముక్కలుగా ఎలా విడగొట్టాలి అన్నదాని మీద. అప్పటికి పపెట్లు లేవు. ఒకే ప్రోగ్రామ్‌ని ఆయన రెండు రకాలుగా విడగొట్టి చూపించాడు. ఒకటి, పని జరిగే వరస ప్రకారం: ముందు ఇది, తర్వాత అది. రెండోది, రేపు మారబోయే ఫైసలాల ప్రకారం: ఒక్కో ముక్క ఒక్కో ఫైసలాని తన కడుపులో దాచుకోవాలి, అది మారితే ఆ ముక్క ఒక్కటే మారాలి. రెండోదే మేలు అన్నాడు. కాలేజీలో నాకు ఎన్‌కాప్సులేషన్ అంటే 'దాచడం' అని చెప్పారు. ఏం దాచాలి, ఎందుకు దాచాలి అన్నది చెప్పలేదు. నేను నలభై సంగతులు దాచాను, అందులో ఏవి రేపు మారతాయో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కంటికి పొందికగా కనిపించాలని దాచాను.

ఇప్పుడు ఎవరైనా కొత్త మాడ్యూల్ చూపిస్తే నేను అడిగేది ఒకటే: ఈ గోడ లోపల ఏ ఫైసలా ఉంది? డెబియన్‌లో పేరు వేరు, రెడ్‌హ్యాట్‌లో పేరు వేరు అన్న తెలివి ఉంటే సరే, దాన్ని దాచు, బయటివాళ్లకి అక్కర్లేదు. ఏమీ లేకపోతే ఆ గోడ ఎందుకు? ఇది వింతగా అడుగుతున్నానని అనుకోకండి. 2012లో క్రెయిగ్ డన్ అనే ఆయన పపెట్ వాళ్లకి ఒక మంచి పద్ధతి చెప్పాడు. కింద మాడ్యూళ్లు, వాటి మీద మన కంపెనీ పద్ధతి చెప్పే ప్రొఫైళ్లు, పైన ఈ మెషీన్ దేనికోసమో చెప్పే రోళ్లు. మూడు అంతస్తులు, ఒక్కోదానికీ ఒక వజహ్ ఉంది. జనం అక్కడ ఆగలేదు. ప్రొఫైల్ మీద ఇంకో ప్రొఫైల్, దాని మీద 'మా టీమ్ బేస్' అని ఇంకోటి. కింది నుంచి ముప్పై పారామీటర్లు తీసుకుని అవే ముప్పైని పైకి అందించడం తప్ప మధ్యవాళ్లు చేసేదేమీ లేదు. ఏ ఫైసలా లేని మధ్యవర్తులు. పెళ్లి సంబంధాల్లో కూడా ఇలాంటి వాళ్లని చూస్తుంటాం, ఇక్కడి మాట అక్కడ అక్కడి మాట ఇక్కడ చెప్పి దావత్‌లో ముందు కూర్చుంటారు.

ఆ మధ్యవాళ్ల ఖర్చు పగలు తెలియదు. రాత్రి రెండింటికి తెలుస్తుంది. ఒక నంబర్ తప్పుగా ఉంది, అదెక్కడి నుంచి వచ్చింది? ఆన్సిబుల్ వాళ్ల డాక్యుమెంట్లో ఒక వేరియబుల్ విలువ ఎక్కడెక్కడి నుంచి రావచ్చో, ఎవరి మాట ఎవరి మీద చెల్లుతుందో ఒక వరస ఉంది. 22 మెట్లు. దానికి తోడు మనం కట్టిన అంతస్తులు. నిద్ర కళ్లతో లేచిన పిల్లాడు ఒక్కో ఫైల్ తెరుస్తూ పోతాడు. ఒక్కో గోడా ఒక్కో ఫైల్. పక్క గదిలో వాళ్ల అమ్మీ వింటున్న కీబోర్డ్ చప్పుడు అదే.

నా మాడ్యూల్‌ని తర్వాత మార్చాను. 'చిన్నది, పెద్దది' అలాగే ఉంచాను, తొంభై మందికి అదే చాలు. పక్కన ఒక దర్వాజా పెట్టాను: కావలసిన వాళ్లు తమ సెట్టింగులు రాసి ఇస్తే నా వాటి మీద అవే చెల్లుతాయి. ఫైల్‌కి మాలిక్ మాడ్యూల్ ఒక్కటే, కొట్లాట లేదు. లోపలి క్లాసులని నేరుగా పిలవకుండా తాళం కూడా వేశాను, పపెట్‌లో దానికి ఒక ఫంక్షన్ ఉంది. బయటివాళ్లు దేన్ని నమ్ముకోవచ్చో, దేన్ని నేను రేపు మార్చేస్తానో అప్పుడే తెలుస్తుంది. మొత్తం ఒక పూట పని. ఆ పూట పని మొదట్లోనే చేసి ఉంటే అన్న మాట ఇక్కడ వద్దు.

మా అమ్మీ ఇప్పుడు డబ్బా మీద 'ఉప్పు ఉంది' అని రాస్తోంది. అబ్బా కోసం మాత్రం ఉప్పు లేకుండా ఒక చిన్న డబ్బా విడిగా.

ఆదోని పిల్లాడు తర్వాత పూణే వెళ్లిపోయాడు, ఇప్పుడు వాడి కింద నలుగురు పనిచేస్తున్నారు. మొన్న తన మాడ్యూల్ ఒకటి పంపి చూడమన్నాడు. తెరిచి చూస్తే అరవై పారామీటర్లు! ప్రతి సెట్టింగుకీ ఒక దర్వాజా. "ఇది ఇల్లా, సంత మైదానమా? ఇన్ని తెరిచి పెడితే రేపు నువ్వు లోపల ఏదీ మార్చలేవు, ప్రతిదాన్నీ ఎవడో ఒకడు పట్టుకుని వేలాడుతుంటాడు. పది ఉంచు, మిగతావి తీసెయ్" అని ఫోన్ చేశాను. "భాయ్, మీరు రెండు పెట్టినప్పుడు ఏమైందో మరిచిపోయారా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇరవైకి బేరం పెట్టాను. వాడు నలభై దగ్గర ఉన్నాడు, ఇంకా తెగలేదు.